ఎడమచేతి వైపు దారి

మా బావ నోరు తెరిస్తే కోట. పెళ్ళికి వెళ్ళినా కోటే, ఆసుపత్రిలో ఎవరినైనా చూడ్డానికి వెళ్ళినా కోటే. మంచంమీద మూలుగుతున్న మనిషి చెయ్యి పట్టుకుని, "లేచి తిరగడం మొదలుపెట్టాక ఒకసారి కోట చూసి రండి, అక్కడి గాలికి సగం రోగం పోతుంది" అని చెప్పి వచ్చేవాడు. ఆ మనిషి లేచి తిరుగుతాడో లేదో డాక్టర్లకే తెలియని రోజుల్లో కూడా ఇదే మాట.

ఆయన బస్సు కండక్టరు. ఉద్యోగంలో చేరిన నాటినుంచి రిటైరయ్యేదాకా ఒకటే రూటు, బస్టాండు నుంచి కోట దాకా. ఊళ్ళో పేరు చెబితే ఎవరికీ తెలియదు, కోట కండక్టరు అంటే చిన్నపిల్లలు కూడా ఇల్లు చూపిస్తారు. రిటైరయ్యాడు గానీ ఆయనలోంచి కండక్టరు ఇంకా దిగలేదు. ఇంట్లో కుర్చీలు ఖాళీగా ఉన్నా తలుపుకి వీపు ఆనించి నిలబడే మాట్లాడతాడు. నలుగురు గుమిగూడితే చాలు, "కొంచెం ముందుకి జరగండి" అంటాడు. కూతురి పెళ్ళిలో ఫోటో దిగేటప్పుడు ఆ మాట అంటే వియ్యాలవారంతా నిజంగానే జరిగారు, ఫోటోలో సగంమంది లేరు.

నేను ఆయనకి మరదల్ని. మా అక్క మొగుడాయన. వాళ్ళ ఇంటి మేడమీద గదిలో కుట్టుమిషను పెట్టుకుని బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంటాను. నాకు నోరు మంచిది కాదని పేరుంది. అది శుద్ధ అబద్ధం. నోరు మంచిదే, ఊరుకోదు, అంతే.

అసలు సంగతికొస్తాను. అక్క కూతురి అత్తమామలు ఒకసారి మా ఊరొచ్చి కోట చూస్తామన్నారు. వియ్యంకుడుగారికి మందుల షాపు ఉంది. పొద్దస్తమానం ఆ అరల మధ్య నిలబడే మనిషికి చూడని చోటంటే చెప్పలేనంత ఇష్టం. పైగా కోడలు కాపురానికి వెళ్ళిన దగ్గర్నుంచి "మా నాన్నకి ఆ కోటలో ప్రతి రాయీ తెలుసు" అని చెప్పి ఉందట. దాంతో ఆయన రోజూ సాయంత్రం షాపులోంచి ఫోను చేసేవాడు. నీడ ఉంటుందా బావగారూ, నీళ్ళు మోసుకెళ్ళాలా, ఏ చెప్పులు వేసుకోవాలి, మధ్యాహ్నం భోజనం పైన చేద్దామా కిందా? మా బావ తలుపుకి ఆనుకుని ప్రతిదానికీ జవాబు చెప్పేవాడు. రాణిగారి కిటికీ దగ్గర నీడ ఉంటుంది. రాయి వేస్తే చాలాసేపటికి గానీ చప్పుడు రాని బావి ఉంది. రాతిమీద గుర్రం గిట్ట దిగబడిన గుర్తు ఉంది, అదైతే తప్పకుండా చూపిస్తాను.

ఒకరోజు ఫోను వియ్యపురాలు అందుకుంది. ఆవిడకి మోకాలి ఆపరేషను అయి ఎన్నాళ్ళో కాలేదు. తను ఎక్కగలదా, లేకపోతే ఇంట్లోనే ఉండిపోతానని మెల్లిగా అడిగింది. "ఏనుగులు ఎక్కిన దారి వదినగారూ, మీరు నడిచినట్టే ఉండదు" అన్నాడు మా బావ. మిషను మీద ఉన్న నాకు కూడా వినపడింది. ఎంత ధీమాగా అన్నాడంటే, నాకే వెంటనే ఎక్కాలనిపించింది.

వాళ్ళు వచ్చే రోజు పొద్దున బావ తిండి సరిగ్గా తినలేదు. వారం ముందే మొదలైందిది. వాన పడుతుందేమో అన్నాడు, ఆకాశం అద్దంలా ఉంది. కోట రిపేర్లకి మూసేశారని విన్నానన్నాడు, ఎవరు చెప్పారంటే నీళ్ళు నమిలాడు. అక్క తన పాటికి తను కర్టెన్లు ఉతికి ఆరేసుకుంటోంది. పెళ్ళయిన కొత్తలో కోటకి తీసుకెళ్ళమని ఆయన వెంటపడింది ఈ అక్కే. ఈసారి సెలవుకి, ఈసారి సెలవుకి అని కొన్నాళ్ళు గడిపి, చివరికి "నేను చూశానుగా, ఏముంది అక్కడ, రాళ్ళు" అన్నాడు. అంతటితో అక్క అడగడం మానేసింది.

ఆ రోజు దారం కొందామని నేను బజారుకి వెళ్తూ బస్టాండులోంచి అడ్డంగా నడుస్తున్నాను. కోట బస్సు ఆగి ఉంది. వెనక సీటులో మూలకి ఒదిగి, మండే ఎండలో మెడకీ ముఖానికీ మఫ్లరు చుట్టుకుని ఒక మనిషి కూర్చున్నాడు. ఆ మఫ్లరు నేను అల్లిందే. డిపోలో ఏదో సంతకం ఉందని చెప్పి ఇంట్లోంచి బయలుదేరిన మనిషి. నేను కిటికీ దగ్గరకి వెళ్ళి ఇంకా ఒక్క మాట కూడా అనలేదు, "నేను కోటకి వెళ్ళట్లేదు" అన్నాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు. దారం సంగతి వదిలేసి నేనూ ఎక్కి ఆయన పక్కన కూర్చున్నాను.

టికెట్లు ఇస్తూ వచ్చిన కండక్టరమ్మ మఫ్లరు ఉన్నా ఇట్టే గుర్తుపట్టేసింది. ఆయన దగ్గరే పని నేర్చుకున్న మనిషి. మీరు బస్సెక్కితే బస్సుకే మర్యాద అని సంబరపడి, అంతటితో ఊరుకోకుండా బస్సంతా వినపడేలా చెప్పింది, కోట గురించి ఏం కావాలన్నా ఈ సార్‌ని అడగండి, అక్కడ ఈయన ఎక్కని రాయి లేదు అని. తలలన్నీ మావైపు తిరిగాయి. ముందు సీట్లో కొత్తగా పెళ్ళయిన జంట ఉంది. దారి ఎటండీ అని ఆ అమ్మాయి అడిగింది.

"దిగగానే ఎడమచేతి వైపు. అదే పట్టుకుని పోండి, గుమ్మం దాకా తీసుకెళ్తుంది."

ఆ మాట ఆయన ఆలోచించి అనలేదు. దగ్గు వచ్చినట్టు వచ్చేసింది. తర్వాత దారంతా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. తేలు కుట్టిన దొంగలా ఉన్నాడు, అరవడానికి లేదు, ఊరుకోవడానికి లేదు.

కొండ కింద బస్సు గుండ్రంగా తిరిగి ఆగింది. అందరూ దిగారు. ఆయన లేవలేదు. భుజంమీద తట్టాను. దిగి, రెండు చేతులూ వేలాడేసి నిలబడి పైకి చూశాడు. మొండిగోడలు, వాటి మధ్య పిచ్చిమొక్కలు, పైన ఎండ. కోటనీ ఆయన్నీ మార్చి మార్చి చూశాను. ఎన్నోసార్లు చూసినదాన్ని మనిషి అలా చూడడు.

"నేను ఎప్పుడూ ఎక్కలేదమ్మాయ్" అన్నాడు.

ముందు నాకు నవ్వొచ్చింది. నిజం చెప్పొద్దూ, గట్టిగానే నవ్వాను. మాటలు కోటలు దాటతాయిగానీ కాళ్ళు గడప దాటవని పెద్దలు ఊరికే అనలేదు, ఆ సామెత నాలుక చివరిదాకా వచ్చింది. ఆయన ముఖం చూసి మింగేశాను. చెప్పుకుంటూ పోయాడు. బస్సు ఆగిన కాసేపట్లోనే టికెట్ల నంబర్లు కాగితంలో ఎక్కించుకోవాలి, చిల్లర సర్దుకోవాలి, డ్రైవరు టీ తాగి రాగానే ఈల వెయ్యాలి. తల ఎత్తడానికే వీలుండేది కాదు. సెలవురోజున, రోజూ పోయే చోటికే మళ్ళీ ఏం పోతాం అనిపించేది. తిరుగు ప్రయాణంలో మాత్రం టికెట్టు చేతిలో పెడుతూ, ఎలా ఉంది, ఏం చూశారు అని అందరినీ అడిగేవాడు. ఒకరు కిటికీ అనేవారు, ఒకరు బావి అనేవారు. ఎవరో ఒక పెద్దాయన మీరు చూడలేదా అని అడిగితే, ఇన్నాళ్ళ సర్వీసులో చూడలేదని చెప్పడానికి మొహమాటమేసి చూశానన్నాడు. ఒకసారి చూశానన్నాక ఇక వెనక్కి రావడానికి దారేది? రేపు వియ్యాలవారి ముందు ఏ మెట్టు దగ్గరో తడబడితే కూతురి తల ఎక్కడ పెట్టుకోవాలి, అందుకని ఇవాళే వచ్చి అంతా చూసి పెట్టుకుందామని బయలుదేరాడట.

"రిహార్సలా బావా" అన్నాను. తల ఊపాడు.

సరే పద అని ఎడమ దారి పట్టాం. ముళ్ళకంపలు, కాలికింద జారే రాళ్ళు. ఏనుగు సంగతి అటుంచి మేక కూడా ఆలోచించి నడవాల్సిన దారి. మోకాలి వదినగారు నా కళ్ళముందు కదిలింది. చెమటలు కక్కుతూ చివరికి చేరాం కదా, అక్కడ కోట గుమ్మం లేదు. ఎప్పుడో రాయి కొట్టి వదిలేసిన పెద్ద గొయ్యి, దానికి తీగ కంచె. కంచె పక్కన రేకుల కప్పుతో ఒక టీ కొట్టు. కొట్టు ముందు బెంచీమీద బస్సులో చూసిన కొత్తజంట.

టీ కొట్టామె మమ్మల్ని చూసి ఇంకో రెండు గ్లాసులు కడిగింది. మీకూ ఎడమే చెప్పారా, కూర్చోండి, ఊపిరి తీసుకుని వెనక్కి పోదురు అంది. కోట దారి బస్సు ఆగిన చోట కుడివైపు అట. బోర్డు ఉండేదట, తుప్పుపట్టి పడిపోయింది. ఎవరో పాత కండక్టరు ఎడమ ఎడమ అని ఇన్నేళ్ళూ జనాన్ని ఇటు తోలాడట, ఇప్పుడున్న వాళ్ళకీ అదే నేర్పి పోయాడట. ఆమె ఇంకా చెబుతూనే ఉంది, ఆ కొత్తపెళ్ళికూతురు మా బావవైపు వేలు చూపించి, "మాకు చెప్పింది ఈయనే" అంది.

మా బావ మఫ్లరు తీసేశాడు. "ఆ కండక్టర్ని నేనే" అన్నాడు.

ఆమె తిడుతుందనుకున్నాను. తిట్టినా బావుండేది. నవ్వి, బెంచీ తుడిచి కూర్చోమంది. మీ పుణ్యమా అని నా కొట్టు నడుస్తోందయ్యా అంది. ఆమె అత్తగారి కాలంలో బస్సు కొండవైపు మొహం పెట్టి ఆగేదట. అప్పుడు దిగితే కోట దారి ఎడమకే వచ్చేది. తర్వాత కింద గుండ్రంగా స్థలం చదును చేశాక బస్సు ముందు తిరిగి, తర్వాత ఆగుతోంది. ఎడమ కాస్తా కుడి అయింది. మా బావ చేరినప్పుడు ఆయనకంటే ముందున్న కండక్టరు నేర్పిన మాట అది. బస్సు తిరిగేటప్పుడు ఆయన తల కాగితంలో ఉండేది కాబట్టి, ఆయన మాట మాత్రం తిరగలేదు. దారి చుట్టు తిరిగినట్టుందండీ అని తిరుగు ప్రయాణంలో జనం అంటే, కోట అన్నాక ఆ మాత్రం నడక ఉండదా అని ఈయనే వాళ్ళకి సర్దిచెప్పేవాడట.

టీ గ్లాసు ఆయన చేతికిస్తూ ఆమె ఇంకో సంగతి చెప్పింది. దెప్పడానికి కాదు, మాటల్లో వచ్చింది. ఒకసారి కర్ర పట్టుకుని ఒక ముసలమ్మ ఒంటరిగా ఇక్కడిదాకా వచ్చిందట. చిన్నప్పుడు తండ్రి భుజంమీద కూర్చుని చూసిన కోట, పోయేలోగా ఇంకొక్కసారి చూద్దామని. గొయ్యి చూసి ఇదే బెంచీమీద కూలబడింది. వెనక్కి వెళ్ళి మళ్ళీ కుడివైపు ఎక్కే ఓపిక లేదు. కాసేపు ఏడ్చి, టీ తాగి, బస్సెక్కి పోయిందట.

ఆ బస్సు ఎవరిదో వేరే చెప్పాలా. మా బావకి తల కొట్టేసినట్టయింది. టీ తాగకుండానే గ్లాసు బెంచీమీద పెట్టి లేచాడు. కుడివైపు ఎక్కి చూసొద్దాం పద బావా అన్నాను, వచ్చిన పని అదేగా. అటు కన్నెత్తి చూడలేదు. తిరుగు బస్సులో మాత్రం ఆ కండక్టరమ్మని పిలిచి, ఇకనుంచి కుడి అని చెప్పమన్నాడు. ఆమె ఏదో వేళాకోళం అనుకుని నవ్వింది. రెండోసారి చెప్పాడు. అప్పుడు నవ్వడం మానేసింది.

సాయంత్రానికి వియ్యాలవారు దిగారు, అక్క కూతురు కూడా వచ్చింది. వియ్యంకుడుగారు టోపీ కొన్నాడు, కొత్త కాన్వాసు బూట్లు కొన్నాడు. కూర్చోకుండానే ఆ రెండూ తీసి మా బావకి చూపించి, కోటకి ఇవి సరిపోతాయా అని అడిగాడు. మా బావ బూటు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు, నోరు తెరిచాడు, మూశాడు, బావున్నాయన్నాడు. నేను వంటింటి గుమ్మంలోంచి కళ్ళతో పొడుస్తూనే ఉన్నాను. ఇంతలో వియ్యపురాలు కాలు చాపుకుని కూర్చుంటూ, అన్నయ్యగారు అంత గట్టిగా చెప్పబట్టి వస్తున్నాను, లేకపోతే ఈ మోకాలితో నాకు కోటలెందుకు అంది. మా బావ లేచి పెరట్లోకి వెళ్ళిపోయాడు. వెనకే వెళ్ళాను. నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా అని నిలదీశాను. సిగ్గుతో చచ్చిపోతున్నానే, నీకు దణ్ణం పెడతాను, నేనే చెప్తాను అన్నాడు. నాకు ఆయన్ని వెక్కిరించడం అక్క పెళ్ళయినప్పటినుంచీ అలవాటు. ఆ క్షణంలో మాత్రం ముఖం కడుక్కోమని చెంబుతో నీళ్ళు ముంచి ఇచ్చాను.

అన్నం దగ్గర చెప్పలేదు. పొద్దున కాఫీల దగ్గరా చెప్పలేదు. వ్యానులో డ్రైవరు పక్కన కూర్చుని, వెనక్కి తిరిగి చూడకుండా వచ్చాడు. కొండ కింద వ్యాను ఆగింది. అందరం దిగి, అలవాటుగా ఆయన వెనక వరసగా నిలబడ్డాం. "ఎటు నాన్నా?" అంది కూతురు. ఆ పిల్ల గొంతులో గర్వం నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

మా బావ వ్యాను తలుపుకి వీపు ఆనించి నిలబడ్డాడు.

"బావగారూ, నేను ఈ కోట ఎప్పుడూ ఎక్కలేదు. చెప్పినవన్నీ బస్సులో జనం చెప్పుకుంటుంటే విన్నవే. వదినగారు ఎక్కగలరో లేదో నాకు తెలీదు. తెలీకుండానే ఎక్కగలరని చెప్పాను. దారి ఎడమవైపని ఇన్నేళ్ళూ చెప్పాను, అది కూడా తప్పే. నన్ను క్షమించాలి."

వియ్యంకుడుగారు టోపీ తీసి, నుదురు తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు. పరవాలేదు అనడానికి ఆయనకి నోరు రాలేదు, అనకుండా ఉండడానికీ రాలేదు. వియ్యపురాలు తన మోకాలి వంక చూసుకుంది. కూతురు నేలచూపులు చూస్తూ చున్నీ కొస వేలికి చుట్టుకుంటోంది. అది చూసి మా బావ ముఖం ఎలా అయిందో నేను రాయలేను. భూమి చీలితే దూరిపోయేవాడు.

అప్పటిదాకా వ్యానులోంచి నీళ్ళ సీసాలు దింపుకుంటున్న అక్క సంచీ భుజాన వేసుకుని ముందుకొచ్చింది. "కుడివైపు" అంది. "మొదట్లో మెట్లు కొంచెం ఎత్తు, తర్వాత చదునే. గుమ్మం దగ్గర అరుగుంది వదినా, మీరు అక్కడ కూర్చుందురుగాని. అక్కడిదాకా నా చెయ్యి పట్టుకోండి."

అని నడక మొదలుపెట్టింది. మేమంతా నోళ్ళు వెళ్ళబెట్టి వెనకే నడిచాం. మెట్లు ఎత్తుగానే ఉన్నాయి. తర్వాత చదునే. గుమ్మం దగ్గర అరుగు ఉంది, దానిమీద నీడ కూడా ఉంది. వియ్యపురాలినీ కూతురినీ అక్కడ కూర్చోబెట్టి మిగతావాళ్ళం పైకి వెళ్ళాం. బావి పూడిపోయి ఉంది, రాయి వేస్తే వెంటనే చప్పుడొచ్చింది. గుర్రం గిట్ట ఎక్కడా కనిపించలేదు. వియ్యంకుడుగారు కాసేపటికి అన్నీ మరిచిపోయి ఫోటోలు తీసుకుంటూ అటు పోయాడు.

పైన విరిగిన గోడ దగ్గర అక్క ఆగింది. అక్కడినుంచి కింద బస్సు తిరిగే చోటు అరచేతిలో ఉన్నట్టు కనిపిస్తుంది. మా బావ వచ్చి కొంచెం దూరంగా నిలబడ్డాడు. ఎప్పుడొచ్చావని అడిగాడు.

అమ్మాయి బడికి పోయే రోజుల్లో అంది అక్క. ఆయన చూపించేలా లేడని, ఆయన డ్యూటీ కాని పొద్దుటి బస్సుకి ఒక్కతే వచ్చింది. రోజూ ఇంట్లో వినే మాటే కాబట్టి దిగగానే ఎడమకి వెళ్ళింది. గొయ్యి చూసి తిరిగొచ్చి, కుడివైపు ఎక్కింది. అన్నీ చూసింది. బావి అప్పటికే పూడిపోయి ఉంది.

"మధ్యాహ్నం మీ బస్సు వచ్చింది. ఇక్కడే నిలబడి చెయ్యి ఊపాను. మీరు మెట్టుమీద కూర్చుని రాసుకుంటున్నారు. చాలాసేపు ఊపాను. తల ఎత్తలేదు."

మా బావ గోడ పట్టుకున్నాడు. అంటే అన్నేళ్ళుగా ఆయన కిటికీ అనీ, బావి అనీ తలుపుకి ఆనుకుని చుట్టాలందరికీ చెబుతుంటే, పక్కనే కూర్చుని అక్క అంతా తెలిసే వింది.

"మరి నాతో ఎందుకు చెప్పలేదు?"

"చెబితే మళ్ళీ కోట మాట ఎత్తేవారా? ఇంట్లో మీరు నోరు విప్పేది ఆ ఒక్కదానికే."

ఇలాంటప్పుడు ఊరుకోని నా నోరు కూడా ఊరుకుంది. కింద బస్సు వచ్చింది. గుండ్రంగా తిరిగి ఆగింది. జనం దిగి కుడివైపుకి మళ్ళారు. కండక్టరమ్మ మెట్టుమీద కూర్చుని, కాగితం ఒళ్ళో పెట్టుకుని, తల వంచుకుంది. మా బావ చెయ్యెత్తి ఊపాడు. ఆమె చూడలేదు. ఇంకా ఊపుతూనే ఉన్నాడు.

"చూడరులెండి, పనిలో ఉంటారు" అని అక్క నీళ్ళ సీసా ఆయన చేతిలో పెట్టింది.

ఆయన తాగలేదు. సీసా పట్టుకుని, బస్సు కదిలి వెళ్ళిపోయేదాకా అక్కడే నిలబడ్డాడు. కిందికి దిగేటప్పుడు అక్క ముందు నడిచింది, ఆయన వెనక.